తాడు పట్టుకున్న చెయ్యి

నాకు వచ్చే ఫోన్లలో సగం ఏడు గుర్రాల కోసమే. "మేడమ్, గుర్రాల ఫొటోలు తీసేది మీరేనా? ఏడు తెల్ల గుర్రాలు పరిగెత్తుతున్న ఫొటో కావాలండీ. కొత్తిల్లు, హాల్లో పెట్టుకోవాలి" అంటారు. నా దగ్గర లేదు. విజయవాడ చుట్టుపక్కల ఏడు తెల్ల గుర్రాలు ఒక్కచోట పరిగెత్తడం ఇన్నేళ్లలో నేనొక్కసారీ చూడలేదు. ఒక గుర్రం బొమ్మ ఉంది, పంపిస్తాను చూడండి అంటే, "ఒంటి గుర్రం ఇంట్లో పెట్టకూడదంటండీ" అని ఫోను పెట్టేస్తారు. వాళ్లని నేనేమీ అనను. సూర్యుడి రథానికి ఏడు గుర్రాలన్న మాట మనకి తాతల నాటి నుంచీ ఉంది. దానికి వాస్తు తోడైంది, ప్రింటు చవకైంది. ఇవాళ మొగల్రాజపురం అపార్టుమెంట్లలో చూసినా, గుంటూరు బ్రాడీపేట ఇళ్లలో చూసినా, సోఫా వెనక గోడ మీద అవే గుర్రాలు నీళ్లు చిమ్ముకుంటూ వస్తుంటాయి. కళ్లెం ఉండదు, జీను ఉండదు, లాడం ఉండదు, పక్కన మనిషి ఉండడు.

నా పోట్లాట నాతోటి ఫొటోగ్రాఫర్లతో. ఫైన్ ఆర్ట్ అని పేరు పెట్టుకుని, లక్షలు పోసి లెన్సులు కొని, ఆ గోడ మీది బొమ్మనే ఇంకాస్త ఖరీదుగా తీస్తున్నాం. గుర్రాన్ని దాని బతుకులోంచి కత్తిరించి నల్లటి తెర మీద అతికించి కళ అంటున్నాం. తాడు అడ్డమొస్తే చెరిపేస్తున్నాం, పుండు కనబడితే పూడ్చేస్తున్నాం, మనిషి చెయ్యి ఫ్రేములోకి వస్తే కోసేస్తున్నాం. ఆరేళ్లు నేనూ అదే చేశాను. మెప్పూ వచ్చింది, డబ్బూ వచ్చింది. అది తప్పని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఆ నమ్మకం ఎలా కుదిరిందో మొదట్నుంచీ చెప్పుకురావాలి.

మాది కృష్ణలంక. వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. ఫొటోగ్రఫీ నాకెవరూ నేర్పలేదు. 2013లో మా తమ్ముడు ఉద్యోగానికి వేరే దేశం వెళ్తూ తన కెనన్ 1100డి కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు మా ఇంట్లో వదిలేసి వెళ్లాడు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో ఆదివారాలు ఒక్కోటీ నొక్కి చూసుకుంటూ నేర్చుకున్నదే నా చదువంతా.

వన్‌టౌన్‌లో మార్వాడీ కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పెళ్లికొడుకు ఆడగుర్రం మీద రావాలి, ఘోడీ అంటారు. ఒక రాత్రి కొట్టు మూసి బయటికొస్తే ఎదురుగా ఊరేగింపు ఆగి ఉంది. బ్యాండు మోగిపోతోంది, నెత్తిన లైట్లు మోసేవాళ్లు రెండు వరసలుగా నిలబడ్డారు, అందరి ఫోన్లూ పెళ్లికొడుకు వైపే. నేను గుర్రం చెవుల వైపు చూశాను. ఒక చెవి బ్యాండు వైపు తిరిగి ఉంది. రెండో చెవి వెనక్కి, తన తాడు పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు తిరిగి ఉంది. అంత గోలలో ఆ రెండో చెవి కదల్లేదు. ఫొటో తీశాను. చెయ్యి వణికి బొమ్మ చెదిరిపోయింది, రంగంతా పసుపు పచ్చ. కానీ ఆ చెవి పడింది. అది ఇప్పటికీ దాచుకున్నాను.

ఆ గుర్రం ఎక్కడుంటుందో కనుక్కుని మర్నాటి ఆదివారం వెళ్లాను. బ్యారేజీ దాటి, సీతానగరం దాటి, కరకట్ట పక్కన ఒక రేకుల షెడ్డు. నాలుగు గుర్రాలు. చూసుకునేది అరవై దాటిన ఒక ముస్లిం పెద్దాయన, నేను చాచా అంటాను. వాళ్ల నాన్న బెజవాడ రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలేవాడట. రిక్షాలొచ్చి, ఆ తర్వాత ఆటోలొచ్చి జట్కా పోయింది, గుర్రం మాత్రం ఇంట్లో మిగిలింది. దాన్ని పెళ్లిళ్లకి తిప్పడం మొదలుపెట్టారు. సాయంత్రాలు నది ఒడ్డున పిల్లల్ని ఎక్కించుకుని తిప్పితే ఆ పూట దాణా ఖర్చు వస్తుంది. నేను చూసిన ఆడగుర్రం పేరు మోతీ.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి నేను బండి బయటికి తీస్తుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి, "గుడ్డి గుర్రాలకి పళ్లు తోమడానికి బయల్దేరావా?" అనేది. పని లేని పనికి మన తెలుగులో ఉన్న గుర్తు అదే కదా. ఆలోచిస్తే మన నోట్లో గుర్రం ఇంకా ఉంది, కళ్ల ముందు లేదు. మా కాలవల నిండా పెరిగే కలుపుకి గుర్రపుడెక్క అని పేరు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఎక్కడ చూసినా అదే. మా వీధి పిల్లలకి గుర్రపుడెక్క అంటే ఆ మొక్కే. అసలు డెక్కని తిప్పి కింద వైపు ఎలా ఉంటుందో చూసిన పిల్లాణ్ణి నేనింతవరకూ కలవలేదు. ఉలవచారు అంటే ప్రాణం పెట్టే ఊళ్లు మావి, ఆ ఉలవలు ఎవరి మేతో మర్చిపోయాం. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలూ పొట్టి గుర్రాలూ కలిపి 3.4 లక్షలే తేలాయి. 2012 లెక్కతో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గిపోయాయి. ఏడేళ్లలో దాదాపు సగం పోయిన జంతువు గురించి మాట్లాడుతున్నానని గుర్తుంచుకుని మిగతాది చదవండి.

మొదటి నెల్లోనే తన్ను తిన్నాను. పొద్దుటెండ గుర్రం జూలు అంచున వెలుగుతుంటే ఆ వెలుగు కోసం చప్పుడు కాకుండా వెనక నుంచి వెళ్లాను. డెక్క నా తొడకి రాసుకుంటూ పోయింది. ఇంకో జానెడు దగ్గరుంటే ఎముక విరిగేది. చాచా పరిగెత్తుకొచ్చి ముందు గుర్రాన్ని నిమిరాడు, ఆ తర్వాత నన్ను చూశాడు. "నిన్ను తన్నలేదమ్మా. వెనకున్నది ఏందో దానికి తెలీలా, తన్నింది" అన్నాడు. గుర్రానికి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూస్తుంది. తోక వెనకా, సరిగ్గా నుదుటి ముందూ మాత్రం దానికేమీ కనబడదు. ముద్దొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టబోతే తల పైకి విసురుతుందే, అది పొగరు కాదు, చెయ్యి కనబడక. పక్క నుంచి, భుజం వైపు నుంచి, ముందు మాట వినిపించి, తర్వాత మనిషి కనిపించి దగ్గరికెళ్లాలి. ఇదంతా తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను కానీ, నా తొడకి ముందే తెలిసింది.

అప్పట్నుంచి చాచా దగ్గర నేర్చుకున్నది లెక్కపెడితే ఏ కోర్సులోనూ దొరకదనిపిస్తుంది. ఫ్లాషు వెయ్యకూడదు. చెవులు రెండూ వెనక్కి అణిగితే కెమెరా దించి పక్కకి జరగాలి. కింది పెదవి వదులుగా వేలాడి, వెనక కాలు ఒకటి డెక్క కొసమీద ఆనించి ఉంటే అది నిద్రలోకి జారుతోంది. గుర్రం నిలబడే కునుకు తీయగలదు, కాళ్ల కీళ్లు అలా బిగుసుకుంటాయి. గాఢనిద్రకి మాత్రం పడుకోవాల్సిందే. పరాయి మనిషి ఎదుట గుర్రం పడుకుందంటే ఆ మనిషిని నమ్మినట్టు. మోతీ నా ఎదుట పడుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రోజు నేను ఫొటో తీయలేదు, షట్టరు చప్పుడుకి లేస్తుందని.

తెల్ల గుర్రాల సంగతీ ఆయనే చెప్పాడు. మనం తెల్లగుర్రం అనేవాటిలో చాలామటుకు పుట్టుకతో తెల్లవి కావు. నల్లగానో ఎర్రగానో పుట్టి, వయసుతోపాటు వెంట్రుక తెల్లబడతాయి. మూతి దగ్గర చర్మం చూస్తే నల్లగా ఉంటుంది. పుట్టుకతోనే తెల్లగా, చర్మం గులాబి రంగులో ఉంటే దాన్ని నుక్రా అంటారు, పెళ్లిళ్లలో దాని కిరాయి ఎక్కువ. ఇది తెలిశాక నా ఫొటోలే మారాయి. కెమెరాకి తెలుపు అర్థం కాదు, తెల్లగుర్రాన్ని బూడిద రంగుకి దించేస్తుంది. ఒక స్టాపు, అంటే కెమెరా కొలతలో ఒక మెట్టు, వెలుతురు పెంచాలి. నల్లగుర్రానికి అంతే తగ్గించాలి. కానీ మూతి దగ్గరి ఆ నలుపు ఉందే, దాని పుట్టుక గుర్తు, దాన్ని పోగొట్టుకోకుండా ఎంత పెంచాలన్నది గుర్రాన్ని బట్టి మారుతుంది. దానికి సూత్రమేమీ లేదు, దగ్గర నిలబడి చూసుకోవడమే.

ఇంకో మాట. గుర్రాన్ని కొనేటప్పుడు పాతకాలం వాళ్లు ముందుగా చూసేది సుడులు. నుదుటి మీద వెంట్రుకలు తిరిగిన చోటు, మెడ మీద, గుండె మీద. ఏ సుడి ఎక్కడుంటే మంచిదో చాచాకి కంఠతా వచ్చు. ఆ శకునాల్ని నేను నమ్మను. కానీ సుడి కోసం గుర్రం ఒళ్లంతా అంత దగ్గరగా చూసే కన్నుంది చూశారూ, అది నాకు కావాలి. మోతీ నుదుటి సుడి ఎడమకి తిరుగుతుంది. చెవులు మార్వాడీ జాతివి, కొసలు లోపలికి వంగి దాదాపు తగులుకుంటాయి. 2016లో దూరం నుంచి తీసే 70-200 లెన్సు సెకండ్‌హ్యాండులో కొన్నాకే ఆ చెవుల వంపు సరిగ్గా పట్టుబడింది. అంతకుముందు చిన్న లెన్సుతో దగ్గరికెళ్లి తీస్తే మూతి బానలా, ఒళ్లు మేకలా వచ్చేది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్తాను. కెమెరాకీ గుర్రానికీ ఉన్న బంధం చాలా పాతది, నా వాదనకి అది మూలం కూడా. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ నేలని వదులుతాయా అన్నది పంతొమ్మిదో శతాబ్దంలో పెద్ద చర్చ. మనిషి కన్ను అంత వేగాన్ని పట్టుకోలేదు. చిత్రకారులు ముందుకాళ్లు ముందుకీ, వెనకకాళ్లు వెనక్కీ చాచి, గాల్లో ఎగురుతున్నట్టు వేసేవారు. 1821లో ఫ్రెంచి చిత్రకారుడు జెరికో వేసిన ఎప్సమ్ పందేల బొమ్మలో గుర్రాలన్నీ అలాగే ఉంటాయి. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలో లీలండ్ స్టాన్‌ఫోర్డ్ అనే ఆసామి గుర్రపుశాల దగ్గర, ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా 12 కెమెరాలు పెట్టి, బాటకి అడ్డంగా దారాలు కట్టి, గుర్రం పరిగెత్తుతూ ఆ దారాలు తెంపినప్పుడల్లా ఒక్కో కెమెరా పనిచేసేలా చేశాడు. నాలుగు కాళ్లూ నేలని వదిలిన మాట నిజమే. అయితే వదిలేది కాళ్లు చాచినప్పుడు కాదు, నాలుగూ కడుపు కిందికి ముడుచుకున్నప్పుడు. వందల ఏళ్లుగా గొప్ప గొప్పవాళ్లు వేసిన బొమ్మలు ఆ ఒక్క ముక్కలో పొరపాటని తేలింది.

గుర్రం విషయంలో కెమెరా చేసిన మొట్టమొదటి పెద్ద పని అది. అందరికీ అలవాటైన అందాన్ని పక్కనబెట్టి ఉన్నదాన్ని చూపించింది. మైబ్రిడ్జ్ వారసులమని చెప్పుకునే మనం అదే కెమెరాతో, ఆ పైన కంప్యూటరుతో, మళ్లీ లేని గుర్రాన్ని తయారుచేసే పనిలో పడ్డాం. నాకు ఇది మింగుడు పడదు.

మింగుడు పడకపోవడానికి అసలు కారణం 2018లో జరిగింది. నల్లటి నేపథ్యంలో గుర్రం ముఖం ఒక్కటే వెలిగే ఫొటోలు మీరు చూసే ఉంటారు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. చీకటిగా ఉన్న షెడ్డు గుమ్మంలో గుర్రాన్ని నిలబెట్టాలి. బయటి వెలుతురు ముఖం మీద పడుతుంది. ముఖానికి సరిపడా వెలుతురు కొలుచుకుని తీస్తే వెనక చీకటంతా నలుపైపోతుంది. మోతీని అలా తీశాను. కన్ను సగం వాలి, పెదవి వదులై, నుదుటి సుడి మీద పొద్దుటి వెలుగు. నా చేతిలోంచి అంత మంచి బొమ్మ అంతకుముందు రాలేదు. ఇంటికొచ్చి కంప్యూటరు ముందు మూడు రాత్రులు కూర్చున్నాను. తలకి కట్టిన తాళ్లు చెరిపాను. ముక్కు మీద ఒరుసుకుపోయి మానిన మచ్చ చెరిపాను. గడ్డం కింద చాచా చెయ్యి ఉంటే అదీ చెరిపాను. హైదరాబాదులో నూలు కాగితం మీద 24 అంగుళాలు బై 36 అంగుళాల ప్రింటు వేయించాను. ఒక హోటలుకి లోపలి అలంకరణ చేసేవాళ్లు 22,000 రూపాయలిచ్చి తీసుకున్నారు.

చిన్న ప్రింటొకటి చాచాకి తీసుకెళ్లి ఇచ్చాను. చేతులు లుంగీకి తుడుచుకుని అందుకున్నాడు. వెలుతురులోకి వెళ్లి చాలాసేపు చూశాడు. "బాగుందమ్మా" అన్నాడు. కాసేపాగి, "నా చెయ్యేదమ్మా?" అన్నాడు.

కోపంగా అనలేదు. ఏదో వస్తువు ఎక్కడ పెట్టావని అడిగినట్టే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఇంటికొచ్చి అసలు ఫైలు తెరిచి చూశాను. గడ్డం కింద ఆయన కుడిచెయ్యి. బొటనవేలు మడిచి, నాలుగు వేళ్లతో దవడని మోస్తున్నట్టు. తల బరువు సగం ఆ చేతి మీదే ఉంది. అందుకే మోతీ కన్ను వాలింది, అందుకే పెదవి వదులైంది. ముఖంలోని ఆ నెమ్మదికంతటికీ ఆధారం ఆ చెయ్యి. నేను కారణాన్ని చెరిపేసి ఫలితాన్ని అమ్ముకున్నాను. చూసిన ప్రతివాళ్లూ "ఎంత ప్రశాంతంగా ఉందండీ" అన్నారు. ఎందుకు ప్రశాంతంగా ఉందో ఆ బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు. నా వాదన మొత్తం ఇక్కడే ఉంది. ఆ చెయ్యి బొమ్మలో అడ్డు కాదు, ఆ బొమ్మలో ఉన్న విషయమే ఆ చెయ్యి.

ఇంత తెలిసినా వెంటనే మారలేదు. ఇంకో రెండేళ్లు నల్లబొమ్మలే తీశాను, అవే అమ్ముడయ్యేవి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లిళ్ల రోజులన్నీ గడప దాటకుండానే గడిచిపోయాయి. గుర్రం పెళ్లి ఉన్నా లేకపోయినా తింటుంది. మామూలు గుర్రం రోజుకి 25, 30 లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. ఏడెనిమిది కిలోల మేత కావాలి, పైన ఉలవలు, తవుడు. మే నెలలో పాసు సంపాదించి వెళ్లేసరికి షెడ్డులో రెండే ఉన్నాయి. మిగతా రెండిటినీ ఎవరికిచ్చాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. మోతీ పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. దాని ముఖం మాత్రం ఊళ్లో ఏసీ హాలులో మీద లైటు పడుతూ వేలాడుతోంది. ఆ 22,000లోంచి ఈ షెడ్డుకి వచ్చింది ఒక చిన్న ప్రింటు. బ్యాంకుకెళ్లి 10,000 తీసి తీసుకెళ్లి ఇచ్చాను. రెండేళ్లు ఆలస్యంగా ఇచ్చాను. ఆయన మొహమాటపడుతూ, "అప్పుగా రాసుకోమ్మా" అన్నాడు.

ఈ ఆలోచనలన్నీ మెదులుతుండగా 2022లో మధ్యప్రదేశ్‌లోని సాంచి స్తూపం చూడ్డానికి వెళ్లాను. మాకు అమరావతి దగ్గరే ఉంది, చిన్నప్పట్నుంచీ ఎన్నోసార్లు చూశాను. పలకలు చాలామటుకు చెన్నై ఎగ్మూరుకీ లండన్ బ్రిటిష్ మ్యూజియంకీ పోయినా, ఉన్నవైనా చూసేవాళ్లం. తొలినాళ్ల బౌద్ధ శిల్పాల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కరు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, చక్రం చెక్కుతారు. ఇది బళ్లో చదువుకున్నదే. సాంచి తూర్పు తోరణం దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. సిద్ధార్థుడు ఇల్లు వదిలి వెళ్లే ఘట్టం. ఆయన గుర్రం కంథకం నగరద్వారం దాటుతోంది. జీను మీద ఎవరూ లేరు. గుర్రం మీద గొడుగు మాత్రం ఉంది, అది పట్టుకున్న సేవకుడున్నాడు. గుర్రం మళ్లీ మళ్లీ చెక్కారు, అడుగడుగునా ముందుకు సాగుతున్నట్టు. చివరికి పాదముద్రల ముందు మోకరిల్లిన ఆయన సారథి చన్నుడు, ఆ తర్వాత ఖాళీ గుర్రంతో ఇంటిదారి పట్టిన చన్నుడు.

రెండు వేల ఏళ్ల కిందటి ఆ శిల్పి కూడా ఒకణ్ణి తీసేశాడు. రాకుమారుణ్ణి తీసేశాడు. గుర్రాన్నీ గుర్రం మనిషినీ ఉంచాడు. నేను చేసింది దీనికి సరిగ్గా తలకిందులు.

మిత్రులతో ఈ మాటలు అంటే వెంటనే వచ్చే జవాబు: "అయితే అది పేపరు ఫొటో అవుతుంది కానీ ఆర్ట్ ఎలా అవుతుంది? ఫ్రేము పెట్టడమంటేనే కొంత వదిలెయ్యడం కదా." నిజమే, వదిలెయ్యకుండా బొమ్మ లేదు. నేనూ రంగు వదిలేస్తాను, ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే తీస్తాను. షెడ్డు వెనక సెల్ టవరు వదిలేస్తాను. వెలుగు కోసం ముప్పావుగంట కదలకుండా నిలబడతాను. కానీ బొమ్మ తీసేటప్పుడు పక్కకి జరిగి వదిలెయ్యడం వేరు, తీశాక ఉన్నదాన్ని లేదనిపించడం వేరు. పైగా అందం పరంగా చూసినా తాడు గొప్ప గీత. దవడ నుంచి పిడికిలి దాకా ఐమూలగా సాగే ఆ గీత వదులుగా ఉందా, బిగిసి ఉందా అన్నదాంట్లో ఆ ఇద్దరి మధ్య ఆ క్షణం ఏం నడుస్తోందో మొత్తం ఉంటుంది. దాన్ని చెరిపితే బొమ్మలో మిగిలేది వెంట్రుకల మెరుపే.

"తాడున్న గుర్రాన్ని హాల్లో ఎవరు పెట్టుకుంటారు?" అన్నది రెండో మాట. తక్కువమందే పెట్టుకుంటారు. నా అమ్మకాలు తగ్గాయి. ఒక ప్రదర్శనకి పంపితే నిర్వాహకులు ఫోను చేసి, ఆ తాడు ఒక్కటీ తీసేసి పంపండి, మొదటి వరసలో పెడతాం అన్నారు. పంపలేదు. బాధపడలేదని చెప్పను, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మూడో మాట అన్నిటికన్నా బరువైనది. జంతువుల మీద ప్రేమున్న ఒకమ్మాయి ముఖం మీదే అడిగింది: "అక్కా, ఆ చెయ్యే కదా దాన్ని డీజే ముందు నిలబెడుతోంది? ఆ చెయ్యే కదా కళ్లెం లాగుతోంది? దాన్ని అందంగా చూపిస్తున్నావు నువ్వు." ఆమె అడిగింది న్యాయమే. ఊరేగింపుల్లో గుర్రాలు పడే బాధ నేను దగ్గర్నుంచి చూశాను. టపాసులు కాళ్ల దగ్గర పేలుస్తారు. తారు రోడ్డు మీద లాడం జారుతుంది. వేసవి పెళ్లిళ్లలో జీను కింద చెమట తెల్లటి నురగై కారుతుంది. గుర్రం చెమటే అంత, దాంట్లో నురగ వచ్చే గుణం ఉంటుంది. అది చూసి జనం నోట్లోంచి కారిందనుకుంటారు. ముళ్లున్న కళ్లేలు వాడకూడదని 1965 నాటి కేంద్ర నియమాల్లోనే ఉంది, అయినా అక్కడక్కడా వాడుతున్నారు. ఒకసారి గుంటూరులో ఒక గుర్రం నోటి మూలలు తీశాను. కెమెరా వెనక తెర మీద పెద్దదిగా చేసి దాని యజమానికే చూపించాను. మాట్లాడకుండా చూశాడు. మరుసటి నెల కనబడ్డప్పుడు మామూలు కళ్లెం ఉంది. ఇంకో ఊళ్లో ఇంకొకాయనకి అలాగే చూపిస్తే, మళ్లీ షెడ్డు వైపు రావొద్దన్నాడు.

కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే: చెరపడమే దాచడం. ముక్కు మీద మచ్చని నేను పూడ్చినప్పుడు ఎవరికి మేలు చేశాను? చెయ్యి కనబడితే అది నిమిరే చెయ్యో లాగే చెయ్యో చూసేవాళ్లే తేల్చుకుంటారు. తాళ్లే లేని గుర్రాలు గోడల మీద ఎన్ని ఉన్నా, ఆ ముళ్లకళ్లెం గురించి ఒక్కరూ అడగరు. ఎందుకంటే ఆ గుర్రాలకి నోళ్లే లేవు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. మొత్తం ఫ్రేము ఉంచుతాను. మచ్చలు ముట్టుకోను. ప్రింటు వెనక గుర్రం పేరు, దాన్ని పెంచేవాళ్ల పేరు, వాళ్లు సరేనంటేనే, నా పేరు కన్నా ముందు రాస్తాను. అమ్మిన ధరలో ముప్పై శాతం ఆ షెడ్డుకి వెళ్తుంది. హోటలుకిచ్చిన బొమ్మ వెనక్కి తీసుకోవడం నా చేతిలో లేదు, కానీ ఆ ఫైలు నుంచి ఇంకో ప్రింటు వెయ్యను.

చాచా చేతికి ఇప్పుడు కీళ్లనొప్పులు. వాళ్ల అబ్బాయి తాడు పట్టుకుంటున్నాడు, మోతీ ఇంకా అలవాటు పడుతోంది. దాని చెవి రెండు వైపులా తిరుగుతూ ఉంటుంది, పెద్దాయన గొంతు ఎటునుంచి వస్తే అటు. ఈ సంవత్సరం నేను తీస్తున్నదంతా అదే.

పోయిన నెల లాడాలు మార్చే రోజున వెళ్లాను. డెక్క నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఆరేడు వారాలకోసారి పాత లాడం ఊడదీసి, పెరిగింది చెక్కి, కొత్తది కొట్టాలి. లాడాలు కొట్టే నాల్‌బంద్ మోతీ ముందుకాలు వెనక్కి మడిచి రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. డెక్క అడుగున మట్టి గీకితే మధ్యలో మూడు మూలల మెత్తటి భాగం తేలింది, తడి చెప్పుతోలులా ఉంది. అంచున గట్టి డెక్కలోకి మేకు కొట్టాడు. కొస బయటి వైపుకి వంగి పొడుచుకొచ్చింది. తుంచి మడిచాడు. ఆ గట్టి భాగంలో నొప్పి తెలియదు, కాస్త లోపలికి పోతే ప్రాణం పోయినంత పని. మేకు దిగినన్నిసార్లూ అబ్బాయి మోతీ మెడ మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు, అవతల మంచం మీద కూర్చుని చాచా ఏదో చెబుతూనే ఉన్నాడు. ఒక ఫొటోలో ఆ డెక్క అడుగు, నాల్‌బంద్ మోకాళ్లు, అబ్బాయి చెయ్యి, ఫ్రేము అంచున మంచం కోడు, వేలాడుతున్న చాచా పాదం పడ్డాయి. గుర్రం ముఖం లేదు.

అది ఇంతవరకూ ఎవరూ కొనలేదు. షెడ్డులో ఉలవల డబ్బా పైన మేకుకి తగిలించి ఉంది, దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కవరు తొడిగారు. మోతీ తోక విసిరినప్పుడు పక్కకి ఒరుగుతుంది. చాచా లేచి సరిచేసి మళ్లీ కూర్చుంటాడు.